అడగండి డాక్టర్ గారిని: ట్రాన్స్ మహిళలకు గర్భం వస్తుందా?

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు ట్రాన్స్ మహిళలు, అంటే మగబిడ్డగా పుట్టారనుకున్నా ఆడవాళ్లుగా బతికేవాళ్లు, వాళ్ల గర్భం గురించి మాట్లాడుకుందాం. స్త్రీవైద్య నిపుణురాలు డాక్టర్ గారు మనతో ఉన్నారు. పేరు చెప్పక్కర్లేదు, ఊరు చాలు. మొదటి కాల్ ఖమ్మం నుంచి. చెప్పండి.

కాలర్ (ఖమ్మం): డాక్టర్ గారూ, కేరళలో ట్రాన్స్‌జెండర్ జంటకి బిడ్డ పుట్టింది కదా. మరి ట్రాన్స్ మహిళలకి గర్భం రాదంటారేంటి?

డాక్టర్: ఆ వార్త చాలామంది తిరగేసి అర్థం చేసుకున్నారు. 2023 ఫిబ్రవరిలో, కోళిక్కోడ్ మెడికల్ కాలేజీలో జరిగింది. ఆ జంటలో బిడ్డను మోసింది ట్రాన్స్ పురుషుడు. ఆయనకి పుట్టుకతో గర్భసంచి ఉంది, దాన్ని తీయలేదు. ట్రాన్స్ మహిళకి ఆ సంచే ఉండదు. ఇప్పటిదాకా ప్రపంచంలో ఎక్కడా ట్రాన్స్ మహిళ కడుపున మోసి కన్న దాఖలా లేదు.

వ్యాఖ్యాత: థాంక్యూ అండీ. రాజమండ్రి నుంచి ఇంకొకరు.

కాలర్ (రాజమండ్రి): హలో... మేడం... వినపడుతోందా?

వ్యాఖ్యాత: టీవీ సౌండ్ తగ్గించండమ్మా.

కాలర్: తగ్గించాను. నాకు 29 ఏళ్లు మేడం. నిర్వాణం, అదే మగ అవయవాలు తీసేసే ఆపరేషన్, అయి ఆరేళ్లు. మా ఆయనతో నాలుగేళ్ల కాపురం. అత్తగారు మంచిదే, నన్నేమీ అనదు. మొన్న మా తోటికోడలికి శ్రీమంతం చేశారు. అందరికీ గాజులు తొడుగుతూ నా దగ్గరికొచ్చి ఆగిపోయింది. రెండు పచ్చ గాజులు చేతిలో పెట్టి ‘దాచుకోవే’ అంది. బియ్యం డబ్బాలో దాచాను. రోజూ బియ్యం కొలుస్తుంటే చేతికి తగులుతాయి.

డాక్టర్: సరేనమ్మా. నీ ప్రశ్న అడుగు.

కాలర్: అదే మేడం. మా వాళ్లకి ఆపరేషన్లు చేయించే ఒకాయన ఉన్నాడు. వేరే రాష్ట్రంలో గర్భసంచి పెట్టిస్తాడట, 12 లక్షలు. గొలుసు కుదవపెట్టి లక్ష ఇచ్చాం. పెట్టించుకున్నాక ఎన్ని నెలలకి నెల తప్పుతుంది?

డాక్టర్: ఇంక ఒక్క రూపాయి కూడా కట్టకు. రసీదు ఇచ్చాడా?

కాలర్: తెల్లకాగితం మీద రాసిచ్చాడు.

డాక్టర్: ఆస్పత్రి పేరుందా అందులో?

కాలర్: లేదు మేడం. కానీ మా అమ్మే సంచి ఇస్తానంది. పుణెలో తల్లిది కూతురికి పెట్టారంట కదా?

డాక్టర్: పెట్టారు, నిజమే. 2017లో ఆపరేషన్, 2018 అక్టోబరులో బిడ్డ. కానీ ఆ అమ్మాయికి అండాశయాలు తనవే ఉన్నాయి. పిండాన్ని బయట తయారుచేసి సంచిలో పెట్టారు. నీకు అండం ఇంకొకరిది కావాలి. ఆ కటిలో సంచికి చోటు, రక్తనాళాలు అతికే వీలు, హార్మోన్లన్నీ బయటి నుంచి ఇవ్వడం... ఇదంతా ట్రాన్స్ మహిళల్లో ఎవరూ చేసి చూపించలేదమ్మా.

కాలర్: అయినా ట్రై చేస్తే? ప్రాణం పోయినా ఫర్వాలేదు మేడం.

డాక్టర్: అలా అనొద్దు తల్లీ. ప్రాణం పోయిన మనిషి ఉంది. లిలీ ఎల్బే అని, డెన్మార్క్ చిత్రకారిణి. 1931లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఆమెకి గర్భసంచి అమర్చబోయారు, తర్వాత కోలుకోలేదు. వేరేవాళ్ల అవయవాన్ని ఒళ్లు తోసేయకుండా ఆపే మందులు అప్పుడు లేవు. ఇప్పుడున్నాయి, కానీ అవి రోజూ మింగాలి. కిడ్నీ మీద పడతాయి, బీపీ పెరుగుతుంది, చిన్న జ్వరమైనా ముదురుతుంది. 2014లో స్వీడన్‌లో గర్భసంచి మార్పిడితో తొలి బిడ్డ పుట్టింది. తల్లికి బీపీ పెరిగి 32 వారాలు నిండకముందే సిజేరియన్ చేశారు. బిడ్డ 1,775 గ్రాములు. అంత పెద్ద టీమ్ చేతుల్లోనే అలా జరిగింది. తెల్లకాగితం రాసిచ్చినవాడి చేతుల్లో నిన్ను పెట్టమంటావా?

కాలర్: ...అయితే ఎన్ని నెలలకి వస్తుంది మేడం?

డాక్టర్: అమ్మా, రాదు. ఈ రోజుకి రాదు. రేపెప్పుడో పెద్ద ఆస్పత్రుల్లో, పరిశోధనగా, రాతపూర్వక అనుమతులతో చేస్తారేమో. వాళ్లు నీ గొలుసు అడగరు. నిర్వాణానికి ముందు వీర్యం దాచుకోమని ఎవరైనా చెప్పారా?

కాలర్: ఎవరు చెప్తారు మేడం మాకు?

డాక్టర్: నా బాధ అదే. ఆ ఒక్క మాట ముందే చెప్పుంటే నీ రక్తంలో పుట్టే బిడ్డ అనే ఆశ ఒకటి మిగిలేది. నువ్వు తక్కువదానివి కాదు తల్లీ, నీకు చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు.

వ్యాఖ్యాత: లైన్ కట్ అయినట్టుంది. కరీంనగర్ నుంచి కాల్, చెప్పండి.

కాలర్ (కరీంనగర్): మేడం, నేనూ ట్రాన్స్ మహిళనే, నాకు 20. ఒంట్లో ఆడ హార్మోన్లు పెరగాలని మెడికల్ షాపులో గర్భనిరోధక మాత్రలు కొని వేసుకుంటున్నా, మూడు వారాలైంది. రోజుకి నాలుగు...

డాక్టర్: నాలుగా! ఈ రోజే ఆపేయ్. పిక్కలో నొప్పి, వాపు ఉన్నా, ఆయాసం వచ్చినా నేరుగా క్యాజువాలిటీకి వెళ్లు, రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. సిగరెట్ తాగుతావా?

కాలర్: అప్పుడప్పుడు.

డాక్టర్: అదీ మానెయ్. మెడికల్ షాపులో కొని వేసుకోవద్దు, వందసార్లు చెప్తున్నా. హార్మోన్లు ఎండోక్రైనాలజిస్ట్, అంటే హార్మోన్ల డాక్టర్ దగ్గర మొదలుపెట్టు. వాటికి ముందే ఐవీఎఫ్ సెంటర్లో వీర్యం దాచుకో. మైనస్ 196 డిగ్రీల దగ్గర ఏళ్ల తరబడి ఉంటుంది. హార్మోన్లు మొదలయ్యాక ఉత్పత్తి పడిపోతుంది, ఆపినా తిరిగి వస్తుందన్న గ్యారంటీ లేదు.

వ్యాఖ్యాత: థాంక్యూ. విజయవాడ, త్వరగా అడగండి.

కాలర్ (విజయవాడ): మా అక్క ట్రాన్స్ మహిళ, పెళ్లి కాలేదు. తన కోసం నేను సరొగసీ చేయొచ్చా, అంటే బిడ్డను నా కడుపున మోసి ఇవ్వొచ్చా?

డాక్టర్: 2021 సరొగసీ చట్టం పెళ్లయిన జంటలకి, వితంతువులకి, విడాకులు తీసుకున్న స్త్రీలకే వీలిచ్చింది. ముందు లాయర్ని కలవండి.

వ్యాఖ్యాత: రాజమండ్రి కాలర్ మళ్లీ లైన్లోకి వచ్చారు.

కాలర్ (రాజమండ్రి): మేడం, చార్జింగ్ అయిపోయింది ఇందాక. మరి మా లక్ష?

డాక్టర్: ఆ కాగితం జాగ్రత్త. ఫోన్లో మెసేజీలు చెరపొద్దు. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది, అక్కడ మహిళలకి ఉచితంగా లాయర్ని ఇస్తారు. ఆయన ఇంకెవరి దగ్గరైనా డబ్బు తీసుకున్నాడేమో మీ వాళ్లని అడుగు, అందరూ కలిసి పోలీసు కంప్లైంట్ ఇవ్వండి. మీ అమ్మని మాత్రం ఎక్కడా సంతకం పెట్టనివ్వకు.

కాలర్: న్యాయ... ఏంటి మేడం? ఉండండి, పెన్ను తెచ్చుకుంటా.

వ్యాఖ్యాత: లైన్లోనే ఉండండమ్మా, మావాళ్లు రాయిస్తారు. డాక్టర్ గారూ, థాంక్యూ.