రెండో సీడీ ఇరుక్కుపోయిన చోట

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు ముందుకు రండి, ముందు వరసలో కూర్చున్నంత మాత్రాన ప్రశ్నలేం అడగను. ఆదివారం పూట, అందులోనూ మన తిరుపతి ఎండలో, ఒక పాత పిల్లల సినిమా కోసం ఇంతమంది వస్తారని నేననుకోలేదు. పదిమందికి సరిపడా మాటలే తెచ్చుకున్నా, సర్దుకోండి.

నన్ను పిలిచినవాళ్లు "చిన్నప్పుడు మీకు బాగా నచ్చిన సినిమా గురించి కాసేపు మాట్లాడండి, తర్వాత అదే వేద్దాం" అన్నారు. ఆలోచించకుండా స్పేస్ జామ్ అన్నా. ఇంటికి పోయి, ఎందుకైనా మంచిదని రాత్రి మళ్లీ పెట్టుకుని చూశా. చూడకుండా ఉండాల్సింది. ఇరవై నిమిషాలకే ఫోన్ తీసుకున్నా, ఇంకో పది నిమిషాలకు లేచి ఫ్రిజ్‌లో పెరుగు ఉందో లేదో చూసొచ్చా. ఏంది ఇది, దీని గురించా నేను ఊరంతటికీ చెప్పబోయేది అని సిగ్గేసింది. అందుకే ఈ రోజు పొగడ్తలతో మొదలుపెట్టను. ముందు దీని తప్పులు చెప్తా, తర్వాత అయినా ఎందుకు వదల్లేకపోతున్నానో చెప్తా, నచ్చకపోతే మధ్యలో టీ తాగి రండి.

చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో. ఎక్కడో వేరే గ్రహం మీద ఒక ఎగ్జిబిషన్ లాంటి పార్కు ఉంటుంది, జనం రావడం మానేశారు. దాని ఓనరు, పాత కార్టూన్లలో ఉండే బగ్స్ బన్నీ అనే కుందేలు, డఫీ డక్ అనే బాతు, అలాంటి వాళ్లను పట్టుకొచ్చి ఆటబొమ్మల్లా కట్టేసుకుందామని ఐదుగురు పొట్టి జీవుల్ని పంపిస్తాడు. వాళ్లను చూసి బగ్స్, వీళ్లంతా పొట్టివాళ్లు కదా, బాస్కెట్‌బాల్ పందెం పెడదాం అంటాడు. ఆ పొట్టివాళ్లు పోయి నిజమైన ఆటగాళ్లు ఐదుగురి దగ్గర ఆటంతా దొంగిలించి, రాక్షసుల్లా పెరిగిపోతారు. అప్పుడు బగ్స్ వాళ్లు పేరున్న బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డన్‌ను భూమిలోంచి గుంజి తమ లోకానికి లాక్కుంటారు. జోర్డన్ నిజం మనిషి, మిగతావాళ్లంతా బొమ్మలు. 1996 నవంబర్‌లో అమెరికాలో వచ్చింది, దర్శకుడు జో పైట్కా.

ఈ పైట్కా ఎక్కడి నుంచి వచ్చాడో తెలిస్తే సినిమా సగం అర్థమవుతుంది. ఆయన యాడ్ ఫిల్ముల మనిషి. 1992లో నైకీ బూట్ల కోసం జోర్డన్‌ను, బగ్స్ బన్నీని కలిపి ఒక టీవీ ప్రకటన తీశాడు, జనం విరగబడి చూశారు, దాన్నే సాగదీసి, సాగదీసి గంటన్నర చేశారు. మనవాళ్లు చెప్పే అట్ల పిండి సంగతి తెలుసు కదా, ముగ్గురికి రుబ్బింది ముప్పైమందికి పోయాలంటే నీళ్లే కలపాలి. సినిమాలో ఒక చోట ఒకాయన ఒకే ఒక్క డైలాగులో ఐదు సరుకుల పేర్లు చెప్తాడు, బనియన్ దగ్గర నుంచి బర్గర్ దాకా. అది ఎగతాళి అని చెప్పుకోవచ్చు, కానీ ఎగతాళి చేసినా ప్రకటన ప్రకటనే.

రెండో తప్పు జోర్డన్. పాపం, ఆయన తప్పు కాదు. చుట్టూ ఆకుపచ్చ గోడలు, ఆకుపచ్చ బట్టలేసుకున్న మనుషులు అటూ ఇటూ పరిగెత్తుతుంటారు, వాళ్లను తర్వాత చెరిపేసి బొమ్మలు గీస్తారు. లేని కుందేలుతో మాట్లాడాలి, లేని బాతును చూసి నవ్వాలి. పెద్ద పెద్ద నటులకే అది కష్టం. జాగ్రత్తగా చూడండి, ఆయన చూపు చాలాచోట్ల బగ్స్ ముఖం మీద ఉండదు, చెవులు దాటి ఎక్కడికో పోతుంది. మన మాయాబజార్ గుర్తు తెచ్చుకోండి, 1957. లడ్డూలు వాటంతట అవే ఎగిరొచ్చి ఎస్.వి. రంగారావు నోట్లో పడతాయి. లడ్డూ గురించి ఈ ఊర్లో నేను వేరే చెప్పక్కర్లేదు. మార్కస్ బార్ట్లే కెమెరా పనితనం ఒక ఎత్తు, రంగారావు కళ్లు ఒక ఎత్తు. ఆ కళ్లల్లో లడ్డూ ఉంది, అందుకే మనకూ ఉంది.

స్పేస్ జామ్ కంటే ఎనిమిదేళ్ల ముందు, 1988లోనే, హూ ఫ్రేమ్డ్ రోజర్ రాబిట్ అని ఒకటి వచ్చింది. దాంట్లో బాబ్ హాస్కిన్స్ ఒక బొమ్మ కుందేలుతో సినిమా అంతా తిరుగుతాడు. ఒక సీన్లో తల తగిలి పైన దీపం ఊగుతుంది, దీపం ఊగినప్పుడల్లా కుందేలు మీద వెలుగు, నీడ మారుతుంటాయి. కంప్యూటర్ లేకుండా, ఒక్కో బొమ్మ మీదా చేత్తో వేసిన నీడ అది. దీపం ఊగకపోయినా ఎవరూ అడగరు, అయినా ఊపారు. స్పేస్ జామ్‌లో అలాంటి దీపం ఒక్కటి కూడా లేదు. తొందరగా అవ్వాలి, చాలా స్టూడియోల్లో ముక్కలు ముక్కలుగా బొమ్మలు వేయించారు, కంప్యూటర్లో కలిపారు. డబ్బులు మాత్రం బాగా వచ్చాయి, ప్రపంచమంతా కలిపి 20 కోట్ల డాలర్ల పైనే.

సరే, ఇక సొంత గోల.

2000వ సంవత్సరం, నాకు తొమ్మిదేళ్లు. లీలామహల్ సర్కిల్ దగ్గర ఒక సందులో మా ఇల్లు. ఎండాకాలం సెలవులకు మా పెద్దమ్మ కూతురు చిత్తూరు నుంచి వచ్చేది, నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఇంట్లో కేబుల్ ఉంది, కార్టూన్ నెట్‌వర్క్ వస్తుంది, కానీ మధ్యాహ్నం కరెంటు ఉంటే అమ్మమ్మ సీరియల్, సాయంత్రం నాన్న వార్తలు. మేము చూసేది మధ్యలో మిగిలిన ముక్కలు. బగ్స్ బన్నీ మాట్లాడే ఇంగ్లిష్ నాకొక్క ముక్క అర్థమయ్యేది కాదు, అక్క అప్పటికప్పుడు తెలుగు చెప్పేది. సగం సొంతంగా కల్పించేదని చాలా ఏళ్లకు తెలిసింది.

ఆ సెలవుల్లో మా మామయ్య సీడీ ప్లేయర్ అద్దెకు తెచ్చాడు, ఒక రాత్రికి. నాలుగు సినిమాలు, మూడు పెద్దవాళ్లకు, ఒకటి మాకు. షాపువాడు "పిల్లల సినిమా అన్నా, మంచిది" అని చేతికిచ్చింది ఇదే. రెండు సీడీలు. అప్పట్లో సినిమా అంటే రెండు సీడీలు, ఒక్కోసారి మూడు, అర్ధరాత్రి లేచి మార్చాలి. మాకు వంతు వచ్చేసరికి తెల్లవారుజాము నాలుగు. మొదటి సీడీ శుభ్రంగా ఆడింది. రెండో సీడీ పెట్టాం. మ్యాచ్ మొదలైంది, రాక్షసులు చితక్కొట్టేస్తున్నారు, విరామానికి 66-18. నలభై ఎనిమిది పాయింట్లు వెనకబడ్డారు. బగ్స్ వాళ్లు బట్టలు మార్చుకునే గదిలో తలలు వేలాడేసుకుని కూర్చున్నారు. అంతే, అక్కడ ఇరుక్కుంది. బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోయి, డఫీ డక్ ముక్కు ఒకచోట, కళ్లు ఇంకోచోట. తీసి ఊదాం, లుంగీతో తుడిచాం, అక్క టూత్‌పేస్ట్ పూసి కడిగింది, ఆరబెట్టాం. మళ్లీ 66-18 దగ్గరే. ఏడు గంటలకు మామయ్య ప్లేయర్ ఎత్తుకుపోయి ఇచ్చేశాడు.

నేను ఏడ్చా. తొమ్మిదేళ్లవాడికి అంతకంటే పెద్ద కష్టం ఏముంటుంది? అప్పుడు అక్క "ఏడవద్దురా, తర్వాత ఏమవుతుందో నాకు తెలుసు" అంది. మిద్దె మీదికి తీసుకెళ్లి చెప్పింది. కొండ కనిపిస్తా ఉంది, ఎండ ఇంకా ఎక్కలేదు.

"ఏముందిరా, ఓడిపోతారు."

ఓడిపోతారు! జోర్డన్ ఓడిపోతాడు. ఆ పార్కు ఓనరు బగ్స్ బన్నీ వాళ్లందర్నీ తన గ్రహానికి పట్టుకుపోతాడు. అక్కడ బగ్స్ ఏం చేస్తాడంటే, చీర కట్టుకుని, పూలు పెట్టుకుని, పార్కు టికెట్ కౌంటర్లో కూర్చుంటాడు. వచ్చినవాళ్లందర్నీ క్యూలో పెడతాడు. ఆ క్యూ పార్కు చుట్టూ తిరిగి, ఓనరు ఇంట్లోంచి పోయి, వంటింట్లోంచి వెనక్కొచ్చి, మళ్లీ కౌంటర్ దగ్గరికే వస్తుంది. చివరికి ఓనరే తన పార్కులోకి పోవాలంటే కంపార్ట్‌మెంట్లో కూర్చోవాల్సి వస్తుంది. మూడు రోజులు. మధ్యమధ్యలో బగ్స్ వచ్చి పెరుగన్నం పొట్లం ఇస్తాడు, ఇచ్చి డబ్బులు తీసుకుంటాడు. నాలుగో రోజు ఓనరు గేటు మీది నుంచి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, "సామీ, మీ ఊరికి మీరు పొండి, బస్ చార్జీ కూడా నేనే ఇస్తా" అంటాడు.

నాకు తెలిసిన స్పేస్ జామ్ అది. తొమ్మిదేళ్లపాటు అదే. ఎవరు అడిగినా అదే చెప్పా, స్కూల్లో ఒకడు "కాదురా, గెలుస్తారు" అంటే వాడితో వారం మాట్లాడలేదు.

అసలు ముగింపు 2009లో, ఇంజనీరింగ్ హాస్టల్లో ఎవడిదో హార్డ్ డిస్క్‌లో దొరికింది. విరామంలో బగ్స్ ఒక బాటిల్ నిండా మామూలు నీళ్లు పట్టి, ఇది జోర్డన్ రహస్య మందు అని అందరి చేతా తాగిస్తాడు. ఆ ఒక్క చమత్కారం బాగుంది, అది బగ్స్ చేసే పనే. ఆ తర్వాత ఇక కుందేలుకు పని లేదు. చివరి క్షణాల్లో జోర్డన్ చెయ్యి రబ్బరులా సాగుతుంది, బంతి పడుతుంది, 78-77. గెలిచారు, పాట. నేను ల్యాప్‌టాప్ మూసేసి మెస్‌కి పోయా. గెలిచినందుకు కోపమొచ్చిన ప్రేక్షకుడు నేనొక్కడినే అయ్యుంటా.

ఆ కోపానికి కారణం నాకు చాలా తర్వాత దొరికింది. ఈ కార్టూన్లు తీసిన గొప్పవాళ్లలో చక్ జోన్స్ అనే ఆయన బగ్స్ బన్నీకి ఒక నియమం పెట్టుకున్నాడు: గొడవ బగ్స్ మొదలుపెట్టకూడదు, ఎవరో వచ్చి గెలకాలి. తన మానాన తాను బొరియలో క్యారెట్ తింటూ ఉంటాడు, వేటగాడొచ్చి తుపాకీ పెడతాడు, అప్పుడు మొదలవుతుంది వాడి దుంప తెంచడం. ఒక్కో కార్టూన్ ఏడు నిమిషాలు, అంతలోనే పని అయిపోతుంది. ఎవరి సాయమూ అడగడు. అలాంటివాడు ఈ సినిమాలో ఒక మనిషిని గుంజుకొచ్చి, నువ్వే దిక్కు అని పక్కన నిలబడి చప్పట్లు కొడతాడు. జోర్డన్‌ను పెద్దగా చూపించాలి కాబట్టి బగ్స్‌ను చిన్నగా చేశారు. టీవీలో ముక్కలు ముక్కలుగా చూసిన పదమూడేళ్ల పిల్ల మిద్దె మీద కూర్చుని అల్లిన ముగింపులో బగ్స్ బగ్స్‌లాగే ఉన్నాడు. చీరతో సహా! పాత కార్టూన్లలో ఆడవేషం వేసి మోసం చేయడం వాడికి అలవాటే.

అందుకే చెప్తున్నా, ఇష్టం ఒక పద్దు, సినిమా బాగుండటం ఇంకో పద్దు. కిరాణా కొట్లో మా తాతలాగా రెండూ వేరువేరు పేజీల్లో రాసుకోవాలి. "మా చిన్నప్పటి సినిమాలే సినిమాలు" అనేవాళ్లు రెండు పేజీలూ కలిపేస్తారు, తర్వాత కూడిక తప్పుతుంది. నేనూ చాలాకాలం అట్లే చేశా. ఈ సినిమాలోని పాట ఒకటి, ఎగరగలనని నమ్ముతున్నా అనే అర్థంలో ఉంటుంది, దానికి స్కూల్ వార్షికోత్సవంలో అట్ట రెక్కలు కట్టుకుని డాన్సు చేశా. పాడిన ఆర్. కెల్లీ 2021లో ఘోరమైన నేరాల్లో దోషిగా తేలాడు. ఇప్పుడు ఆ పాట వస్తే ఆపేస్తా. అట్ట రెక్కలు మాత్రం అటక మీద ఉన్నాయి, పారేయలేదు.

ఒక్కటి మాత్రం జోర్డన్‌కు న్యాయం చేయాలి. సినిమాలో ఆయన బాస్కెట్‌బాల్ వదిలేసి బేస్‌బాల్ ఆడుతూ తడబడుతుంటాడు. అది కల్పన కాదు. 1993లో వాళ్ల నాన్నను చంపేశారు, అదే ఏడాది ఆయన ఆట నుంచి తప్పుకుని, 1994లో ఒక చిన్న బేస్‌బాల్ జట్టులో చేరాడు, సరిగ్గా ఆడలేకపోయాడు, 1995 మార్చిలో వెనక్కొచ్చాడు. ఆ వేసవిలోనే ఈ షూటింగ్. స్టూడియోలో ఆయన కోసం ఒక కోర్టు కట్టించారు, పగలంతా లేని కుందేలుతో మాట్లాడి, సాయంత్రం అక్కడికి పోయి పెద్ద పెద్ద ఆటగాళ్లతో ఆడేవాడు. తర్వాతి సీజన్లో వాళ్ల జట్టు 72 గెలిచి పదే ఓడింది. సినిమా మొదట్లో ఒక పిల్లవాడు, వాళ్ల నాన్న, రాత్రిపూట పెరట్లో బంతి వేసుకునే సీన్ ఉంది, పావుగంట తర్వాత మనం మర్చిపోతాం. ఈసారి చూసినప్పుడు నేను కళ్లు తిప్పకుండా చూసింది అక్కడొక్కటే.

2021లో దీనికి రెండోది కూడా వచ్చింది, లెబ్రాన్ జేమ్స్ అనే ఇంకో బాస్కెట్‌బాల్ ఆటగాడితో. మా అన్న కొడుకుతో కలిసి చూశా. మ్యాచ్ చుట్టూ, దాన్ని తీసిన కంపెనీ పాత సినిమాల మనుషులంతా నిలబడి అరుస్తుంటారు. వాడు ఒక్కొక్కరినీ చూపించి "వీళ్లెవరు చిన్నాన్నా?" అని అడుగుతాడు, నేను చెప్తుంటే బంతి ఎటు పోయిందో ఇద్దరమూ చూడలేదు.

సరే, చాలా వాగా. ఇప్పుడు సినిమా వేస్తారు. ఒక చిన్న మార్పు ఉంది, నిర్వాహకులు ఒప్పుకున్నారు, కాస్త గొణిగారనుకోండి. బొమ్మ 66-18 దగ్గర ఆపేస్తాం. కరెంటు పోలేదు, కంగారు పడకండి. లైట్లు వేశాక, మూడో వరసలో ఆ చివర, ఆకుపచ్చ చీరలో కూర్చుంది చూడండి, ఇందాకటి నుంచి నన్ను కళ్లతోనే తిడుతోంది, మా అక్క, ఆమె లేచి మిగతాది చెప్తుంది. నేను చెప్పింది కుదించి చెప్పా, ఆమె చెప్తే క్యూ ఇంకా పెద్దది.

అన్నా, ఆ ఫ్యాన్లు కొంచెం పెంచండి. లైట్లు తీసేయొచ్చు.