గింజలో ఉన్నదెంత, ఒంటికి పట్టేదెంత

శ్రోతలందరికీ నమస్కారం.

ఒక వేరుశనగ పప్పును వేళ్ల మధ్య పెట్టి నలపండి. రెండు బద్దలుగా విడిపోతుంది. ఒక బద్ద కొసన చిన్న మొలక అంటుకుని ఉంటుంది. రాబోయే మొక్క అదే. మిగతా పప్పంతా దానికి తల్లిమొక్క కట్టి ఇచ్చిన సద్దిమూట. వేరు నేలలోకి దిగి, ఆకు విచ్చుకునేదాకా ఆ మొలకకు కావలసిన కొవ్వు, మాంసకృత్తులు, భాస్వరం, మెగ్నీషియం, ఇనుము, జింకు అన్నీ అందులోనే ఉండాలి. ఇంత చిన్న గింజలో అన్ని ఖనిజాలు ఉండటానికి కారణం ఇదే.

గుమ్మడి పప్పు సంగతే చూడండి. 100 గ్రాముల్లో సుమారు 550 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంటుంది. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 300 నుంచి 420 మిల్లీగ్రాములు. అంటే 30 గ్రాములు, ఒక గుప్పెడు తింటే దాదాపు సగం అందినట్టే. జింకు కూడా ఇందులో బాగా ఉంటుంది. రాగికి జీడిపప్పు, విటమిన్ ఇ కి బాదం, పొద్దుతిరుగుడు గింజలు మంచివి.

అయితే గింజలో ఉన్నదంతా మన ఒంటికి పట్టదు. నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. గింజ తన భాస్వరాన్ని ఫైటిక్ ఆమ్లం రూపంలో దాచుకుంటుంది. మన పేగుల్లోకి వచ్చాక ఆ ఆమ్లం ఇనుమును, జింకును, కాల్షియాన్ని పట్టుకుని ఓ పట్టాన వదలదు. గింజ మొలకెత్తేటప్పుడు ఫైటేజ్ అనే ఎంజైమ్ దాన్ని విడగొడుతుంది కాబట్టి మొలకల్లోని ఖనిజాలు కాస్త తేలిగ్గా అందుతాయి. విటమిన్ సి ఉన్న పండుతో కలిపి తింటే ఇనుము ఇంకా బాగా పడుతుంది. టీ, కాఫీలు దీనికి అడ్డం. వాటికీ గింజలకీ మధ్య ఒక గంట ఎడం ఉంచండి.

నువ్వుల్లో పాలకన్నా ఎనిమిది రెట్లు కాల్షియం ఉందని తరచూ వింటుంటాం. అంకె తప్పు కాదు. పొట్టు తీయని నువ్వులు 100 గ్రాముల్లో 975 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. కానీ 100 గ్రాముల నువ్వులు ఒక్క పూటలో ఎవరు తింటారు? పెద్ద చెంచాడు, అంటే 9 గ్రాములు తింటే వచ్చేది 90 లోపే. అందులోనూ చాలా భాగం పొట్టులో ఆక్సలేట్ అనే పదార్థంతో ముడిపడి ఉంటుంది కాబట్టి అంతా ఒంటికి అందదు. పొట్టు తీసిన తెల్ల నువ్వుల్లో అసలు కాల్షియమే బాగా తగ్గిపోతుంది. నువ్వులు మంచివే, తప్పకుండా తినండి. కానీ వాటిని నమ్ముకుని ఎదిగే పిల్లలకు పాలు మాన్పించకండి.

అవిసె గింజలది ఇంకో ఇబ్బంది. నున్నగా ఉండి పళ్లకింద నలగకుండా జారిపోతాయి. నలగని గింజ ఎలా లోపలికి వెళ్లిందో చాలావరకు అలాగే బయటికి వచ్చేస్తుంది. పొడి కొట్టుకోవాలి. ఆ పొడి త్వరగా కనరు వాసన పట్టేస్తుంది, అందుకని కొద్దికొద్దిగా చేసుకోవడం నయం.

దక్షిణ అమెరికా అడవుల్లో కాసే బ్రెజిల్ నట్ అనే పెద్ద పప్పు విషయంలో మాత్రం జాగ్రత్త. ఒక్క పప్పులోనే రోజుకు సరిపడా సెలీనియం అనే ఖనిజం ఉండవచ్చు. పెద్దవాళ్లకు కావలసింది రోజుకు 55 మైక్రోగ్రాములు, 400 దాటకూడదు. చెట్టు పెరిగిన నేలను బట్టి ఇది చాలా మారిపోతుంది. బాగుందని రోజూ గుప్పెడు తింటే జుట్టు రాలడం, గోళ్లు పెళుసుబారడం మొదలవుతాయి. ఒకటి, మహా అయితే రెండు చాలు.

వేయించితే ఖనిజాలు పోతాయేమోనని కొందరికి టెన్షన్. ఖనిజాలు వేడికి నశించవు, కొన్ని విటమిన్లు మాత్రం తగ్గుతాయి. ఉప్పు వేయకుండా వేయించుకోండి. గుప్పెడుకు 160 నుంచి 190 కేలరీలు ఉంటాయి కాబట్టి చిరుతిండికి బదులుగా తినండి, దానికి అదనంగా కాదు. ఐదేళ్లలోపు పిల్లలకు పప్పులు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది, వాళ్లకు మెత్తగా పొడి చేసి పెట్టాలి. వేరుశనగ, జీడిపప్పు వంటివి పడనివాళ్లు వాటి జోలికి వెళ్లకూడదు.

ఇక చివరి మాట, బూజు గురించి. తేమ తగిలిన వేరుశనగ మీద పెరిగే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. అది కాలేయానికి చేటు, క్యాన్సర్‌కు కూడా దారితీస్తుంది. వేయించినా పూర్తిగా పోదు. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు వాసన వేసేవి ఏరి పారేయండి. నోట్లో పెట్టుకున్నాక చేదు తగిలితే మింగకుండా ఉమ్మేయండి.

సెలవు, నమస్కారం.