బోరు నీళ్లలో నిదానపు మొక్కలు

అందరికీ నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది అక్వేరియంలో పోసేది బోరు నీళ్లే అయి ఉంటాయి. నల్లాలో కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లు వచ్చే ఇళ్లకు ఈ టెన్షన్ కొంచెం తక్కువ. బోరు మీద బతికే అపార్ట్‌మెంట్లలో మాత్రం గీజర్ కాయిల్‌కీ బకెట్ అంచుకీ పట్టే సున్నమే అక్వేరియం అద్దానికీ పడుతుంది. అది చూసి "మా నీళ్లకు మొక్కలు రావండీ" అని చేతులెత్తేస్తారు. అనుబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకొరైన్ లాంటి నిదానపు మొక్కల విషయంలో ఆ మాట నేను ఒప్పుకోను. వాటిని ఎక్కువగా దెబ్బతీసేది, నీటిని ఎలాగైనా మార్చేయాలని మనం పడే హైరానా.

ముందు నీటిని కొలవండి. టీడీఎస్ పెన్ను ముంచి కాఠిన్యం, అంటే నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం కొలిచాననుకోకండి, ఆ పెన్ను అన్ని లవణాలనూ కలిపి చెబుతుంది. కాఠిన్యానికి చుక్కల కిట్ కావాలి. 5 మిల్లీలీటర్ల నీళ్లు తీసుకుని ఒక్కొక్క చుక్కే వేస్తూ కలపాలి. రంగు మారేసరికి పడిన చుక్కలే డిగ్రీలు. ఒక డిగ్రీ అంటే లీటరుకు సుమారు 17.8 మిల్లీగ్రాములు, కాల్షియం కార్బొనేట్ లెక్కలో. 20 చుక్కలు పడితే దాదాపు 356. తాగేనీటికి మన భారతీయ ప్రమాణం 200 అంటుంది, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఫరవాలేదంటుంది. అంటే 20 డిగ్రీల నీళ్లేమీ విషం కాదు.

పీహెచ్, అంటే నీటి ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె, మాత్రం బోరు నుంచి పట్టిన వెంటనే చూడకండి. భూగర్భ జలంలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ కరిగి ఉంటుంది కాబట్టి అప్పుడు పీహెచ్ తక్కువ చూపిస్తుంది. బకెట్లో ఎయిర్ పంపు పెట్టి ఒక రోజు ఉంచితే ఆ గాలి పోయి, అసలు అంకె బయటపడుతుంది. చాలాచోట్ల అది 8 దగ్గర నిలుస్తుంది.

"పీహెచ్ 8 ఉంటే మొక్కకు కార్బన్ డయాక్సైడ్ అందదు కదా?" అని అడుగుతారు. గాలి నుంచి నీటిలో కరిగే వాయువు మెత్తటి నీళ్లలోనైనా కఠిన జలంలోనైనా ఇంచుమించు ఒకటే, ఎక్కడైనా కొంచెమే. వాలిస్నేరియా లాంటి మొక్కలు బోరు నీళ్లలో కరిగి ఉండే బైకార్బొనేట్ అనే లవణం నుంచి కూడా కార్బన్ లాగేసుకుని ఎదుగుతాయి. మన నిదానపు మొక్కలు ప్రధానంగా ఆ కొంచెం వాయువు మీదే బతుకుతాయి. అనుబియాస్ ఆకు పుట్టడానికి వారాలు పడుతుంది. దానికి ఎంత తిండి కావాలి చెప్పండి!

క్రిప్టోకొరైన్లలో కొన్నిటి పుట్టిల్లే సున్నపురాతి వాగులు. థాయ్‌లాండ్ వైపు సున్నపు నేలల్లో బలాన్సే రకం పొడవాటి ముడతల ఆకులతో పెరుగుతుంది. శ్రీలంక నుంచి వచ్చిన వెండ్టీ ఏ నీళ్లకైనా సర్దుకుంటుంది. కొత్తవాళ్లు దీంతోనే మొదలుపెట్టండి. బోర్నియో నుంచి వచ్చే బ్యూసెఫలాండ్రా ఖరీదు ఎక్కువ, మన ఎండాకాలపు వేడి నీళ్లు దానికి పడవు. చెయ్యి తిరిగాక కొనుక్కోండి.

అసలు చిక్కు ఇనుము దగ్గర వస్తుంది. సున్నపు నేలల్లో వేరుశనగ ఆకులు పసుపెక్కితే రైతులు అన్నభేదిలో, అంటే ఇనుము లవణంలో, నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేస్తారు. నేలలో ఇనుము ఉన్నా పీహెచ్ ఎక్కువైతే మొక్కకు అందే రూపంలో ఉండదు. అక్వేరియంలోనూ ఇదే కథ. కొత్త ఆకు పాలిపోయి, ఈనెలు మాత్రమే పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదని అనుమానించండి. ఎరువుల్లో ఇనుము గడ్డకట్టి వృథా కాకుండా ఒక పదార్థం దాన్ని పట్టి ఉంచుతుంది, అది ఏదో సీసా మీద చదవండి. ఈడీటీఏ రకం ఈ పీహెచ్ దగ్గర తొందరగా విడిపోతుంది, డీటీపీఏ రకం కొంత మెరుగ్గా నిలుస్తుంది. ఈడీడీహెచ్ఏ గట్టిగానే నిలుస్తుంది కానీ నీళ్లకు ఎర్ర ఛాయ ఇస్తుంది. క్రిప్టోకొరైన్‌కైతే వేళ్ల దగ్గర ఎరువు బిళ్ల గుచ్చడం మేలు. ఎరువుల షాపులో పొలానికి అమ్మే సూక్ష్మపోషకాల పొడి చవగ్గా వస్తుందని తెచ్చి పోయకండి. అందులో రాగి ఉంటే రొయ్యలు మిగలవు.

నీటిని మెత్తబరచాలంటే తాగే ఆర్వో నీళ్లు సగం, బోరు నీళ్లు సగం కలపండి, కాఠిన్యం సగానికి దిగుతుంది. ఆర్వో మెషీన్ బయటికి వదిలే నీళ్లు మాత్రం వాడొద్దు, బోరు లవణాలన్నీ చిక్కబడి వచ్చేది అందులోనే. ఇంటికి పెట్టే సాఫ్ట్‌నర్ కాల్షియం తీసి సోడియం ఇస్తుంది, బైకార్బొనేట్ జోలికి పోదు. దానివల్ల మొక్కకు ఒరిగేదేం లేదు. బాదం ఆకులు వేసి పీహెచ్ దించుదామన్న ఆలోచనా, పీహెచ్‌ను దిగనివ్వని ఇంత బైకార్బొనేట్ ముందు నిలవదు. ఆకులు వేసుకోండి, రొయ్యలు తింటాయి.

ఎండాకాలంలో ఫ్యాన్ పెట్టి నీళ్లు చల్లబరుస్తాం కదా. నీరు ఆవిరవుతుంది, సున్నం తొట్టిలోనే ఉండిపోతుంది. తగ్గినంత మళ్లీ బోరు నీళ్లే పోస్తూ పోతే కాఠిన్యం పెరుగుతూనే ఉంటుంది. ఆవిరైనదాన్ని ఆర్వో నీళ్లతో నింపండి, నీళ్లు మార్చేటప్పుడు మాత్రం మామూలుగా కలిపిన నీళ్లు పోయండి.

అలంకారానికి తాండూరు, కడప, బేతంచర్ల రాళ్ల ముక్కలు పెట్టేవాళ్లున్నారు. అవి సున్నపురాళ్లే. ఒట్టి బోరు నీళ్లలో పెద్దగా తేడా చేయవు కానీ, ఆర్వో నీళ్లు కలిపిన తొట్టిలో కరుగుతూ మీ శ్రమంతా వృథా చేస్తాయి. మన హైదరాబాద్ గ్రానైట్‌కు ఆ బాధ లేదు.

అనుబియాస్ ఆకు మీద చుక్కలు కనిపిస్తే ఒక ముసలి ఆకు కోసి, బయట పెట్టి, దాని మీద రెండు చుక్కల వెనిగర్ వేయండి. తెల్లటి గరుకు పొర బుసబుసమని పొంగితే అది సున్నం. పొంగకుండా పచ్చగా, గోటికి కూడా రాకుండా అంటుకుని ఉంటే నాచు, లైటు ఎక్కువైందన్నమాట. ఆరు గంటల లైటు చాలు. జావా ఫెర్న్ ఆకు అడుగున వరుసగా గోధుమరంగు చుక్కలుంటే కంగారు పడకండి, అవి దాని బీజాల గుంపులు.

అనుబియాస్, ఫెర్న్ దుంపల్ని ఇసుకలో పాతేయకండి, కుళ్లిపోతాయి. రాయికో కర్రకో దారంతో కట్టండి. క్రిప్టోకొరైన్ మాత్రం ఇసుకలోనే. నాటిన కొన్నాళ్లకు ఆకులన్నీ కరిగి జారిపోవచ్చు. కుళ్లిన ఆకులు తీసేసి వేరును కదపకుండా వదిలేయండి, గట్టిగా ఉన్న వేరు మళ్లీ చిగురిస్తుంది. ఆ సమయంలో పీకి పక్కచోట నాటితే కరగడం మళ్లీ మొదటికొస్తుంది.

సీసాల్లో మీ ఇంటి నీళ్లు తెచ్చుకున్నవాళ్లు ముందుకు రండి, కిట్ ఇక్కడే ఉంది. మిగతావాళ్లు ప్రశ్నలు అడగవచ్చు.