ఫోకస్ బొటనవేలికి, క్లిక్ చూపుడువేలికి

తమ్ముడు: అందరికీ నమస్కారం. ఈసారి కెమెరా వెనకాల బొటనవేలు ఆనే చోట ఉండే బటన్‌తో ఫోకస్ చేసే సంగతి మాట్లాడుకుందాం. ఒంగోలు చుట్టుపక్కల తిరునాళ్లకి బండలాగుడు పోటీలు తీద్దామని పోయేవాళ్లు ఒకటే అడుగుతుంటారక్కా. గిత్తలు ఎదురుగానే వస్తుంటాయి, ఫోకస్ మాత్రం వెనకున్న జనం మీద పడుతుంది, ఎందుకని?

అక్క: ఒక్క బటన్‌కే రెండు పనులు అప్పజెప్పాం గదా, అందుకు. షట్టర్ సగం నొక్కితే ఫోకస్, పూర్తిగా నొక్కితే ఫొటో. వేలు ఎత్తి మళ్లీ పెట్టిన ప్రతిసారీ కెమెరా కొత్తగా వెతుక్కుంటుంది. ఆ క్షణాన ఫోకస్ పాయింట్ కింద జనం ఉంటే జనాన్నే పట్టుకుంటుంది. ఫోకస్‌ని షట్టర్ నుంచి తీసేసి వెనక బటన్‌కి ఇచ్చామంటే, ఎప్పుడు వెతకాలో ఎప్పుడు ఆగాలో మన బొటనవేలే చెబుతుంది. ఇది పాత పద్ధతే. కెనాన్ 1989లోనే ఈఓఎస్ 630 ఫిల్మ్ కెమెరాలో పెట్టింది.

తమ్ముడు: సెట్టింగ్ ఎట్టా చేసుకోవాలో చెప్పేద్దాం. కెనాన్ నువ్వు చెప్పు, నికాన్ నేను చెబుతా.

అక్క: 1500డి లాంటి చిన్న కెమెరా బాడీల్లో ఏఎఫ్-ఆన్ బటన్, అంటే ఆటోఫోకస్ మొదలెట్టే బటన్, విడిగా ఉండదు. నక్షత్రం గుర్తున్న బటన్‌నే వాడుకోవాలి. ముందు డయల్‌ని పీ, ఏవీ, టీవీ, ఎమ్‌లలో ఒకదాని మీద పెట్టండి, లేకపోతే ఆ మెనూ కనపడదు. కస్టమ్ ఫంక్షన్స్‌లో 'షట్టర్/ఏఈ లాక్ బటన్' తెరిస్తే 0 నుంచి 3 దాకా నాలుగు వరసలుంటాయి. 1 పెట్టినా 3 పెట్టినా ఫోకస్ నక్షత్రం బటన్‌కే పోతుంది. 1లో షట్టర్ సగం నొక్కగానే ఎక్స్‌పోజర్, అంటే వెలుగు లెక్క, లాక్ అయిపోతుంది. 3లో లాక్ కాదు, క్లిక్ పడేప్పుడు ఉన్న వెలుగునే లెక్కేసుకుంటుంది. గిత్తలు చెట్టునీడలోంచి ఎండలోకి వస్తుంటాయి కాబట్టి నా ఓటు 3కే. పెద్ద బాడీల్లో అయితే కస్టమ్ కంట్రోల్స్‌లోకి పోయి, షట్టర్ సగం నొక్కుడికి 'మీటరింగ్ స్టార్ట్' (వెలుగు కొలవడం) మాత్రం ఉంచండి. ఏఎఫ్-ఆన్ బటన్‌కి మీటరింగ్, ఏఎఫ్ రెండూ ఉంటాయి.

తమ్ముడు: నికాన్ డీ5600లో కస్టమ్ సెట్టింగ్స్ ఎఫ్2, డీ3500లో సెటప్ మెనూలో బటన్స్. రెండిట్లోనూ 'అసైన్ ఏఈ-ఎల్/ఏఎఫ్-ఎల్ బటన్' దగ్గర ఏఎఫ్-ఆన్ ఎంచుకుంటే చాలు, షట్టర్ నుంచి ఫోకస్ పని దానంతట అదే తొలగిపోతుంది. డీ500, డీ850లలో 'ఏఎఫ్ యాక్టివేషన్'ని 'ఏఎఫ్-ఆన్ ఓన్లీ' చేయాలి. సోనీలో 'ఏఎఫ్ విత్ షట్టర్' ఆఫ్ చేయండి, ఏఎఫ్-ఆన్ బటన్ లేకపోతే ఆ పనిని ఇంకో బటన్‌కి ఇచ్చుకోండి.

అక్క: ఇంకొక మార్పు చేయాలి, ఇది మరిచిపోతే పడిన కష్టమంతా వృథా. ఫోకస్ మోడ్‌ని కంటిన్యూయస్‌లో పెట్టాలి. కెనాన్‌లో ఏఐ సర్వో, నికాన్, సోనీల్లో ఏఎఫ్-సీ. అప్పుడు వేలు నొక్కిపట్టినంతసేపూ వెంటాడుతుంది, వదిలితే ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. కదిలేదానికీ కదలనిదానికీ మాటిమాటికీ మోడ్ మార్చే పని ఉండదు.

తమ్ముడు: సరిగ్గా కుదిరిందో లేదో మిద్దె మీదే చూసుకోవచ్చు. ఒక బకెట్ పెట్టి, దాని మీద బొటనవేలితో ఫోకస్ చేసి వదలండి. కెమెరాని దూరంగా ఉన్న కొబ్బరిచెట్టు వైపు తిప్పి షట్టర్ సగం నొక్కండి. లెన్స్ కదిలిందంటే షట్టర్‌లో ఫోకస్ ఇంకా ఉన్నట్టే. చెట్టు మసగ్గానే ఉండిపోతే సరిపోయినట్టు.

అక్క: ఇప్పుడు బండలాగుడు దగ్గరికి పోదాం. సింగిల్ పాయింట్ పెట్టుకుని దగ్గరి గిత్త కంటి మీదో, కాడి మీదో ఉంచండి. బొటనవేలు గట్టిగా నొక్కిపట్టి, షట్టర్‌ని నాలుగైదు ఫొటోల చొప్పున కొట్టండి. షట్టర్ స్పీడ్ 1/500కి తగ్గొద్దు. మధ్యలో గిత్తలను అదిలించే మనిషి అడ్డమొస్తాడు. అదిగో, అప్పుడు బొటనవేలు ఎత్తేయాలి. ఫోకస్ అక్కడే నిలబడిపోతుంది, అతను దాటిపోగానే మళ్లీ నొక్కాలి. షట్టర్‌తో ఫోకస్ చేసేవాడికి ఈ వీలు లేదు, ఫోకస్ ఆపాలంటే క్లిక్ కూడా ఆపుకోవాలి.

తమ్ముడు: వేలెత్తిన ఆ సెకనులో గిత్తలు ముందుకొచ్చేస్తాయి గదక్కా?

అక్క: వస్తాయి, కాకపోతే లెక్క మనవైపే ఉంది. క్రాప్ సెన్సార్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సార్) మీద 200 ఎంఎం, ఎఫ్/5.6, 20 మీటర్ల దూరం అయితే స్పష్టంగా ఉండే లోతు రెండు మీటర్ల పైచిలుకు. అందులో ముందువైపు ఒక మీటరు వేసుకో. బండ బరువుతో వచ్చే గిత్తలు కాబట్టి క్షణం పాటు వేలెత్తినా చెల్లుతుంది. ఐదు మీటర్ల దగ్గరికొస్తే ఆ లోతు జానెడంత కూడా ఉండదు, వేలు ఎత్తే మాటే వద్దు. కొన్ని బాడీల్లో అడ్డం వచ్చినవాటికి కెమెరా ఎంత తొందరగా స్పందించాలో మెనూలో పెట్టుకోవచ్చు. మంచిదే, అయినా నేను బొటనవేలినే ఎక్కువ నమ్ముతా.

తమ్ముడు: నేలపట్టులో పక్షులకి కూడా ఇదే. కొమ్మల మధ్య కూర్చున్న గూడబాతు మీద ఒకసారి ఫోకస్ చేసి వేలు తీసేస్తే, గాలికి ఆకు అడ్డమొచ్చినా ఫోకస్ దాని మీదికి పోదు. రెక్క విప్పగానే నొక్కిపట్టాలి. ఎగిరేటప్పుడు 1/1600 దాకా పోవాలి. నికాన్ వాళ్లకి ఒక జాగ్రత్త: ఏఎఫ్-ఆన్ నొక్కితే వీఆర్, అంటే వణుకుని తగ్గించే ఏర్పాటు, మొదలవదు. పొడుగు లెన్స్‌తో వ్యూఫైండర్ వణుకుతుంటే షట్టర్ కూడా సగం నొక్కిపట్టుకోవాలి. ఏఎఫ్-సీ ప్రయారిటీని 'రిలీజ్'లో ఉంచుకుంటే ఫోకస్ అందకపోయినా క్లిక్ ఆగిపోదు.

అక్క: ఇక పెళ్లిళ్లలో చేసే పొరపాటు. కంటి మీద ఫోకస్ చేసి, వేలు వదిలి, ఫ్రేమ్ పక్కకి జరుపుతారు. ఫుల్ ఫ్రేమ్ మీద 85 ఎంఎం, ఎఫ్/1.8, రెండు మీటర్లలో మొత్తం లోతు దాదాపు 6 సెంటీమీటర్లు. కెమెరాని 10 డిగ్రీలు తిప్పావంటే ఫోకస్ 3 సెంటీమీటర్లు వెనక్కి పోతుంది. కమ్మలు స్పష్టంగా, కళ్లు మసగ్గా వస్తాయి. తప్పు లెన్స్ మీదకి తోసేస్తారు, పాపం. అంత దగ్గర్లో పాయింట్‌నే కంటి మీదికి జరుపుకోవాలి, లేదా లోతు పెరిగేలా ఎఫ్/4కి పోవాలి. వేలు వదిలాక మనం ముందుకి ఊగినా ఇదే జరుగుతుంది.

తమ్ముడు: రాత్రి ముహూర్తాలప్పుడు ఇంకోటుంది. కంటిన్యూయస్‌లో ఫ్లాష్ నుంచి వచ్చే ఫోకస్ సాయపు ఎర్రలైటు వెలగదు, ఫోకస్ అందిందని బీప్ కూడా రాదు. మండపంలో వెలుగు తక్కువుంటే ఒక్కసారి ఫోకస్ పట్టి ఆగిపోయే వన్ షాట్‌కి (నికాన్‌లో ఏఎఫ్-ఎస్) మారడమే మంచిది. బటన్ మాత్రం అదే.

అక్క: ఎవరికైనా కెమెరా ఇచ్చి మనల్ని తీయమంటాం చూడు, వాళ్లు షట్టర్ ఒక్కటే నొక్కుతారు, అన్నీ మసకే. చిన్న కెనాన్లలో డయల్‌ని పచ్చ రంగు ఆటోకి తిప్పి ఇస్తే చాలు, అక్కడ షట్టర్‌తోనే ఫోకస్ అవుతుంది.

తమ్ముడు: నికాన్‌లో ఆ వెసులుబాటు లేదు. మెనూలో బటన్‌ని మామూలుగా మార్చి ఇవ్వాలి, వెనక్కి తీసుకున్నాక మళ్లీ ఏఎఫ్-ఆన్ చేసుకోవాలి.