కోబుర్గ్ డాలు మీది ముఖం

సభకు నమస్కారం.

జర్మనీలోని బవేరియా రాష్ట్రానికి ఉత్తరపు కొసన కోబుర్గ్ అనే చిన్న పట్టణం ఉంది. విక్టోరియా మహారాణి భర్త ఆల్బర్ట్ అక్కడి రాజకుటుంబం వాడే. ఆ ఊరి నగర చిహ్నం గురించి నాలుగు మాటలు చెబుతాను. పసుపు డాలు మీద పక్కకు తిరిగిన నల్లజాతి మనిషి తల, చెవికి బంగారు పోగు. జర్మన్ పట్టణాల చిహ్నాల్లో ఎక్కువగా కనిపించే సింహాలు, గద్దలు, కోట బురుజుల మధ్య ఈ ముఖం ఎవరిది?

పునీత మారిస్‌ది. జర్మన్లు మోరిట్స్ అంటారు. ఈజిప్టులోని థీబ్స్ నుంచి వచ్చిన రోమన్ దళానికి నాయకుడని క్రైస్తవ సంప్రదాయం చెబుతుంది. మాక్సిమియన్ చక్రవర్తి ఆజ్ఞను ధిక్కరించి, తోటి సైనికులతో సహా ప్రాణాలు విడిచాడట. కోబుర్గ్‌కు ఆయనే రక్షకుడు, ఊళ్లోని పెద్ద చర్చి ఆయన పేరు మీదే ఉంది. ప్రొటెస్టెంట్ ఉద్యమానికి ఆద్యుడైన మార్టిన్ లూథర్ 1530లో అక్కడ ప్రసంగించాడు. పునీతుల ఆరాధన మానేసిన ప్రొటెస్టెంట్ ఊరు అయ్యాక కూడా కోబుర్గ్ మారిస్‌ను వదులుకోలేదు.

ఆ ముఖాన్ని చెరిపేసింది నాజీలు. 1922 అక్టోబరులో హిట్లర్ తన పార్టీ సాయుధ ముఠా అయిన తుఫాను దళం మనుషులను వందలాదిగా రైల్లో వెంటబెట్టుకుని ఈ ఊరికి వచ్చాడు. 1929లో జర్మనీలోకెల్లా మొదటిసారిగా ఇక్కడి నగర సభలోనే ఆ పార్టీకి సంపూర్ణ మెజారిటీ దక్కింది. 1934లో మారిస్ తలను తీసేసి, పిడి మీద స్వస్తిక ఉన్న కత్తిని చిహ్నంలో పెట్టారు. ఓ ఆఫ్రికా మనిషి తమ ఊరి ముఖంగా ఉండటం వాళ్లు భరించలేకపోయారు. 1945లో, వాళ్లు ఓడిపోయాక, మారిస్ తిరిగొచ్చాడు.

ఇప్పుడు ఇంకో వాదన నడుస్తోంది. ఊళ్లో ఆ తలను ‘మోర్’ అంటారు. నల్లవారిని కించపరిచే మాట అది, ఆ బొమ్మ కూడా అంతే, తీసేయండని 2020లో కొందరు విజ్ఞాపన పెట్టారు. వాళ్ల బాధ నిజమైనది. లావుపాటి ఎర్రటి పెదవులు, చెవిపోగు: ఇది మారిస్ అనే ఒక మనిషి రూపం కాదు, నల్లవాడంటే ఇలాగే ఉంటాడనుకున్న వాళ్ల ఊహ. మ్యాన్‌హోల్ మూతల మీద కూడా ఆ తలే ఉంది, జనం దాని మీద నడిచి వెళతారు. అయినా తీసేయాలని మాత్రం నేను అనలేను. ఒకసారి తీసేసిన వాళ్లెవరో ఇప్పుడే చెప్పుకున్నాం కదా.

జర్మనీలోనే మాగ్డెబుర్గ్ అనే ఊరి ప్రధాన చర్చిలో 1240ల నాటి మారిస్ రాతి విగ్రహం ఉంది. కాళ్లు విరిగిపోయాయి. తల చుట్టూ ఇనుప గొలుసుల కవచం, దాని మధ్య నిండైన ఆఫ్రికా ముఖం, ఎదుటి మనిషిని నిదానంగా చూసే కళ్లు. ఆ శిల్పి చెక్కింది ఒక వీరుణ్ణి, గౌరవంతో. కోబుర్గ్ తన డాలును మళ్లీ గీయించుకునే రోజు వస్తే, చిత్రకారుణ్ణి ముందుగా ఆ విగ్రహం దగ్గరికి పంపాలని నా కోరిక.