పాత తెరచాప పడవ లోపలి చట్రం: ఫైబర్‌గ్లాస్ మరమ్మతు, బలోపేతం

(దృశ్యం: నేల పలకలు తీసిన పడవ లోపలి భాగం. కీల్‌కు (పడవ అడుగున ఉండే బరువైన రెక్కకు) పైన అడ్డంగా సాగిన ఫైబర్‌గ్లాస్ దూలాలు, వాటి మధ్య గూళ్లలో నిలిచిన మురికినీరు.)

పాత తెరచాప పడవను కొనేవారి చూపు సాధారణంగా బయటి రంగు మీద, తెరచాపల మీద నిలుస్తుంది. అయితే కీల్ బరువును, తెరచాప స్తంభం కిందికి తొక్కే ఒత్తిడిని, స్తంభాన్ని పట్టి ఉంచే ఉక్కు తీగల లాగుడును హల్ (పడవ బయటి డొల్ల) అంతటికీ పంచి పెట్టేది నేల పలకల కింద కనబడకుండా ఉండే ఈ చట్రమే. 2014 మే నెలలో 'చీకీ రఫీకీ' అనే పడవ ఆంటిగ్వా నుంచి బ్రిటన్‌కు తిరిగి వస్తుండగా, అట్లాంటిక్ మధ్యలో కీల్ ఊడి బోల్తా పడింది. అందులో ఉన్న నలుగురూ ప్రాణాలు కోల్పోయారు. గతంలో ఆ పడవ నేలకు తగలడం, ఆ తరువాత జరిగిన మరమ్మతులు కలిసి కీల్‌ను హల్‌తో కలిపే నిర్మాణాన్ని బలహీనపరచి ఉండవచ్చని బ్రిటన్ సముద్ర ప్రమాదాల దర్యాప్తు విభాగం 2015లో ఇచ్చిన నివేదికలో పేర్కొంది. అందుకే, పగులు కనిపించిన చోట ఇంకో పొర వేసి పని ముగించే అలవాటును నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. ఆ పగులుకు కారణమైన భారం ఎటు నుంచి వచ్చిందో తెలిసిన తరువాతే రెసిన్ (గాజు పోగులను అతికించి గట్టిపడే ద్రవం) డబ్బా మూత తీయాలి.

(దృశ్యం: చిన్న సుత్తితో దూలం వెంబడి మెల్లగా తడుతున్న చేయి. ఖంగుమనే ధ్వని, కొంత దూరం వెళ్లాక బోలు ధ్వని.)

అతుకు గట్టిగా ఉన్న చోట ధ్వని ఖంగుమంటుంది. హల్ నుంచి విడిపోయిన చోట అదే సుత్తి దెబ్బ డొల్లగా వినిపిస్తుంది. ఆ హద్దును మార్కర్‌తో గీసుకుంటూ వెళ్లాలి. కీల్ వెనుక అంచు దగ్గర ప్రత్యేకంగా ఆగి చూడాలి, ఎందుకంటే పడవ ముందుకు పోతూ రాతికి తగిలినప్పుడు కీల్ ముందు కొన వెనక్కి నెట్టబడి, దాని వెనుక కొన పైకి పొడుచుకు వస్తుంది కాబట్టి, దెబ్బ తగిలిన చోటుకు దూరంగా ఉన్న వెనుక దూలాలు తరచుగా పగులుతాయి. బల్క్‌హెడ్ల (పడవ లోపలి అడ్డుగోడల) దగ్గర కారణం వేరుగా ఉంటుంది. ప్లైవుడ్‌కు తడి చేరి కుళ్లితే, దానికి అతికిన ఫైబర్‌గ్లాస్ పట్టీ చెక్కుచెదరకుండానే ఊడి వస్తుంది. సన్నని బ్లేడు ఆ పట్టీ కిందికి సులువుగా దూరిందంటే అతుకు పోయినట్టే.

కోత మొదలుపెట్టే ముందు హల్ ఆకారాన్ని కాపాడుకోవాలి. నేల మీద నిలిపిన పడవలో కీల్ కింద దిమ్మలు సరిగా భారం మోస్తున్నాయో, పక్క ఆధారాలు హల్‌ను లోపలికి నొక్కుతున్నాయేమో చూసుకోవాలి. దూలాలన్నిటినీ ఒకేసారి తీసేస్తే హల్ కొద్దిగా వంగుతుంది, కొత్త చట్రం ఆ వంకరను శాశ్వతం చేస్తుంది. కనుక ఒకటి తీసి, దానిని పూర్తిగా కట్టిన తరువాతే మరొకదానిని తాకాలి.

(దృశ్యం: గ్రైండర్ కింద మెరిసే పాత ఉపరితలం పోయి, మసకగా, తెల్లగా బయటపడుతున్న గాజు పోగులు.)

ఈ పని మొత్తంలో అత్యంత కీలకమైనది ఉపరితలం తయారీ. గట్టిపడిన పాత పాలియెస్టర్ రెసిన్‌తో కొత్త రెసిన్ రసాయనికంగా కలవదు. గరుకుదనాన్ని పట్టుకునే నిలబడాలి. ముందుగా నూనెను, మైనాన్ని ద్రావకంతో తుడిచి, ఆ తరువాతే 36 లేదా 40 గ్రిట్ (బాగా గరుకైన) డిస్క్‌తో రుద్దాలి. ఈ వరుస తలకిందులైతే జిడ్డు గీతల్లోకి దిగిపోతుంది. పగిలిన పొరల అంచును మందానికి 12 రెట్ల దూరం వరకు వాలుగా అరగదీయాలి, అంటే 6 మిల్లీమీటర్ల మందానికి 72 మిల్లీమీటర్ల వాలు. గాజు ధూళి ఊపిరితిత్తులకు హానికరం కనుక ముఖానికి బిగుతుగా అమరే ఫిల్టర్ మాస్క్ ధరించాలి. ఎపాక్సీ అనే రకం రెసిన్ పదేపదే చర్మానికి తగిలితే జీవితాంతం వేధించే అలర్జీ రావచ్చు, కాబట్టి చేతి తొడుగులు తప్పనిసరి.

ఇటువంటి అతుకులకు పాలియెస్టర్ కన్నా ఎపాక్సీయే నా ఎంపిక, ఎందుకంటే పాత గ్లాస్‌ను, ప్లైవుడ్‌ను అది ఎక్కువ గట్టిగా పట్టుకుంటుంది. దానికి జోడుగా, పోగులు 45 డిగ్రీల కోణంలో అటూ ఇటూ సాగే బయాక్సియల్ గుడ్డను వాడితే, మూల మీదుగా ప్రతి పోగూ భారం మోస్తుంది. త్వరగా గట్టిపడాలని హార్డెనర్ (రెసిన్‌ను గట్టిపరిచే రెండో ద్రవం) ఎక్కువ పోయకూడదు. ఎపాక్సీలో పాళ్లు తప్పితే అది ఎప్పటికీ సరిగా గట్టిపడదు.

(దృశ్యం: బల్క్‌హెడ్ అంచుకూ హల్‌కూ మధ్య నురగ పట్టీ, మూలలో చిక్కటి ఎపాక్సీని గుండ్రటి చెక్కతో నున్నగా లాగుతున్న దృశ్యం.)

బల్క్‌హెడ్ అంచు హల్‌ను సూటిగా తాకితే, అక్కడ ఒత్తిడి ఒకే గీత మీద చేరి బయట పగులుగా కనిపిస్తుంది. అందుకే మధ్యలో నురగ పట్టీ ఉంచి, సిలికా కలిపిన చిక్కటి ఎపాక్సీతో మూలను గుండ్రంగా నింపాలి. పదునైన మూలలోకి గుడ్డ వంగదు, దాని వెనుక గాలి చిక్కుకుంటుంది. ఆ నింపుడు ఇంకా జిగటగా ఉండగానే పొరలు వేస్తూ, వాటి అంచులన్నీ ఒకే చోట ఆగకుండా ఒక్కొక్కటి 25 మిల్లీమీటర్ల మేర తేడాతో ముగిసేలా చూడాలి. మధ్యలో పని ఆపి మరునాడు కొనసాగిస్తే, పైన ఏర్పడిన మైనం వంటి పొరను నీటితో రుద్ది కడిగి, ఆరాక మళ్లీ గరుకు చేయాలి.

బలం పెంచాలంటే మందం కన్నా ఎత్తు మీద దృష్టి పెట్టాలి. నురగ అచ్చు ఆకారాన్ని మాత్రమే ఇస్తుంది, భారం మోసేది దానిని కప్పిన గాజు పొర. ఇతర కొలతలు మారకుండా దూలం ఎత్తు పెరిగేకొద్దీ దాని బిగువు ఎత్తుతో పోలిస్తే ఎన్నో రెట్లు వేగంగా పెరుగుతుంది. అయితే ఒకే దూలాన్ని మరీ బిగుతుగా చేస్తే ఒత్తిడి దాని కొన దగ్గర పోగవుతుంది కాబట్టి, రెండు కొనలనూ క్రమంగా పలుచబడే వాలుతో ముగించాలి. మురికినీరు పారే రంధ్రాల లోపలి గోడలకు ఎపాక్సీ పూయాలి. పైపు వెళ్లాల్సి వస్తే దూలం ఎత్తులో మధ్య భాగం నుంచి పంపాలి, పై అంచును ఎప్పుడూ కోయకూడదు.

రంగు వేసే ముందు ప్రతి అతుకునూ మళ్లీ సుత్తితో తట్టి చూసి, కొత్త పట్టీల అంచులను దాటేలా కొన్ని సన్నని గీతలు గీసి ఫొటో తీసుకోండి. పడవ తిరిగి నీటి నుంచి పైకి వచ్చినప్పుడు ఆ గీతలు విరిగాయో లేదో అక్కడే తెలుస్తుంది. నేల పలకలను శాశ్వతంగా బిగించకుండా, చేత్తో ఎత్తగలిగేలా అమర్చండి.