ఉద్యోగ విరమణ తరువాతి వారం: 168 గడుల పట్టికను తయారు చేసుకునే విధానం

నమస్కారం. ఉద్యోగ విరమణ తరువాత రోజులు ఎలా గడపాలో గూగుల్ షీట్స్‌లో ఒక చిన్న పట్టికగా రాసుకునే విధానాన్ని ఈ వీడియోలో చూపిస్తాను. నేను ఒక ప్రభుత్వరంగ బ్యాంకులో 34 సంవత్సరాలు పనిచేసి, 60 ఏళ్లు నిండాక విరమణ పొంది, ప్రస్తుతం రాజమహేంద్రవరంలో ఉంటున్నాను. విరమణకు ఇంకా ఏడాదో రెండేళ్లో గడువున్నవారికి ఇది ఎక్కువగా ఉపయోగపడుతుంది. అయితే నేను దీన్ని విరమణ జరిగిన ఎనిమిది నెలల తరువాత గానీ తయారు చేసుకోలేదు కనుక, ఇప్పటికే ఇంట్లో ఉన్నవారు ఆలస్యమైపోయిందని అనుకోనక్కరలేదు.

డబ్బు సంగతిని ముందుగా, త్వరగా ముగిస్తాను. తెరపై మొదటి షీటులో పింఛను ఒక వైపు, నెల ఖర్చు మరో వైపు ఉన్నాయి, చూడండి. 60 దాటినవారు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో 30 లక్షల రూపాయల వరకు పెట్టవచ్చు. 2023 ఏప్రిల్‌కు ముందు ఈ పరిమితి 15 లక్షలే. గడువు ఐదేళ్లు, వడ్డీ మూడు నెలలకోసారి వస్తుంది. మా వంటి బ్యాంకు పింఛనుదారులు నవంబరులో ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికెట్‌ను, అంటే బతికే ఉన్నామనే ధ్రువపత్రాన్ని, జీవన్ ప్రమాణ్ అనే ప్రభుత్వ సేవ ద్వారా, ఫోన్ కెమెరాకు ముఖం చూపించి, ఇంటి నుంచే ఇవ్వవచ్చు. ఇవన్నీ మీకు తెలిసినవే కనుక ఈ షీటును మూసివేస్తున్నాను.

ఇప్పుడు కొత్త షీటు తెరిచాను. మొదటి వరుసలో సోమవారం నుంచి ఆదివారం వరకు ఏడు రోజులు రాయండి. ఎడమవైపు నిలువు వరుసలో సున్నా నుంచి 23 వరకు గంటలు రావాలి. పైన రెండు గడుల్లో సున్నా, ఒకటి అని రాసి, ఆ రెండింటినీ కలిపి ఎంపిక చేసి కిందికి లాగితే మిగిలినవి వాటంతట అవే వస్తాయి. ఏడు రోజులు, రోజుకు 24 గంటలు, మొత్తం 168 గడులు. తెలుగులో టైపు చేయడం కష్టమనిపించేవారు ఫోన్‌లో గూగుల్ కీబోర్డు అయిన జీబోర్డ్ మైకు గుర్తును నొక్కి, పలికి రాయవచ్చు. నేను చాలావరకు అలాగే చేస్తాను.

గడుల్లో ఏమి రాయాలో ప్రతిసారీ టైపు చేయకండి. అన్ని గడులనూ ఎంపిక చేసి, ఇన్సర్ట్ మెనూలో డ్రాప్‌డౌన్, అంటే నొక్కితే తెరుచుకునే జాబితా పెట్టి, నిద్ర, భోజనం, ఇల్లు, నడక, పని, ఖాళీ అని పేర్లు ఇవ్వండి. ఎందుకంటే తరువాత, ఒక మాట ఎన్ని గడుల్లో ఉందో చెప్పే కౌంట్‌ఇఫ్ సూత్రంతో ఖాళీ గడులను లెక్కిస్తాము, చేతితో రాసినప్పుడు మాట చివర ఒక్క స్పేస్ ఎక్కువ పడినా ఆ గడి లెక్కలోకి రాదు. నా మొదటి పట్టికలో మూడు గంటలు ఇలాగే మాయమయ్యాయి, వాటి కోసం ఒక సాయంత్రమంతా వెదికాను. పగలు కౌంటరులో నగదు లెక్క తేడా వస్తే రాత్రి ఇంటికి వెళ్లలేని ఉద్యోగం చేసినవాడికి ఆ అలవాటు అంత త్వరగా పోదు.

ఇక నింపుదాము. రాత్రి ఏడు గంటల చొప్పున నిద్రకు 49 గడులు పోయాయి. స్నానం, పూజ, భోజనం కలిపి రోజుకు మూడు గంటల చొప్పున 21 పోయాయి. బజారు, టీవీ, బంధువుల రాకపోకలు, ఇంటి పనులు, అంటే ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా ఎలాగో సాగినవి, నా లెక్కలో 43 గడులు. ఇక మిగిలినవి 55. ఈ 55 ఎక్కడి నుంచి వచ్చాయో గమనించండి. రెండవ, నాలుగవ శనివారాల సెలవులను తీసివేసి సగటు కడితే నేను వారానికి ఐదున్నర రోజులు పనిచేసేవాడిని, రాకపోకలతో కలిపి రోజుకు పది గంటలు బయట ఉండేవాడిని. పదిని ఐదున్నరతో గుణిస్తే 55. ఉద్యోగం వెళ్లిపోతూ మన చేతిలో పెట్టినది సరిగ్గా ఇంత. పింఛను లెక్క ఒక్క రూపాయి తేడా లేకుండా వేసుకునే మనము ఈ అంకెను మాత్రం ఎప్పుడూ వేసి చూసుకోము.

నడకను ముందుగా పెట్టేయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థాయి వ్యాయామాన్ని సూచిస్తుంది కనుక, వారానికి ఐదు రోజులు అరగంట చొప్పున వేగంగా నడిస్తే సరిపోతుంది. 65 దాటినవారు తూలి పడకుండా శరీరపు పట్టు నిలిపే వ్యాయామాలను కూడా వారానికి మూడు రోజులు చేర్చుకోవాలి. నేను గోదావరి గట్టు మీద నడుస్తాను, వెళ్లి రావడంతో కలిపి ఐదు గడులు అయ్యాయి. మిగిలినవి 50.

ఇప్పుడు చెప్పబోయే దగ్గర దయచేసి వీడియోను ముందుకు జరపకండి, ఎందుకంటే నేను ఇక్కడే దెబ్బ తిన్నాను. విరమణ పొందిన మొదటి వారంలో నేను ఈ 50 గంటలనూ ఒక కాగితం మీద ఎంతో ఉత్సాహంగా నింపాను. వేణువు వీడియోలు చూసి నేర్చుకోవడం, సంస్కృతం ఇంట్లో కూర్చుని చదవడం, పెరట్లో కూరగాయలు, పాత ఫొటోలను స్కాన్ చేయడం, రోజుకు యాభై పేజీల పుస్తక పఠనం, అన్నీ ఉన్నాయి. మూడవ నెల వచ్చేసరికి వేణువు అల్మరాలో ఉంది, సంస్కృతం మొదటి పాఠంలోనే ఉంది, నేను మాత్రం మధ్యాహ్నం పన్నెండింటికి రెండవసారి దినపత్రిక చదువుతున్నాను. బద్ధకం అనుకున్నాను. కానీ 34 సంవత్సరాలు ఉదయం పది కాకముందే కుర్చీలో కూర్చున్నవాడికి హఠాత్తుగా బద్ధకం ఎక్కడి నుంచి వస్తుంది? చాలా రోజులు ఆలోచించిన తరువాత తట్టిన విషయం ఏమిటంటే, ఆ జాబితాలోని ఏ పనిలోనూ నేను రాకపోతే ఎందుకు రాలేదని అడిగే మనిషి లేడు. బ్యాంకులో నేను పది నిమిషాలు ఆలస్యమైతే బయట పింఛను కోసం వచ్చిన పెద్దవారు గడియారం చూసేవారు. పనిలోకి నన్ను లాగినది నా క్రమశిక్షణ అని ఇన్నాళ్లూ అనుకున్నాను, నిజానికి లాగినది ఆ చూపు.

అందుకే ఇప్పుడు పనుల కోసం వేరొక షీటు తెరుస్తున్నాను. ఇందులో నాలుగు నిలువు వరుసలు ఉన్నాయి: పని పేరు, వారానికి ఎన్ని గంటలు, మొదలుపెట్టిన తేదీ, నాలుగవది ఎదురుచూసేవారు. తేదీని టైపు చేయకుండా కంట్రోల్, సెమీకోలన్ కలిపి నొక్కితే ఆనాటి తేదీ వస్తుంది, నాకు ఎంతో ఇష్టమైన షార్ట్‌కట్ ఇది. నాలుగవ గడిలో ఒక మనిషి ఉండాలి. ఎవరూ లేకపోతే ఆ పనిని వదలమని నేను చెప్పడం లేదు, దానిని మనిషి ఉండే విధంగా మార్చమని చెబుతున్నాను.

వేణువును ఎలా మార్చానో చూడండి. వీడియోలు ఆపి ఒక గురువుగారి దగ్గర బుధవారం, శనివారం సాయంత్రాలు చేరాను. నా కన్నా యాభై ఏళ్లు చిన్నవాడైన సహవిద్యార్థి ఒకడు నాకు గమకాలు సరిదిద్దుతాడు. పుస్తక పఠనాన్ని తెలుగు వికీసోర్స్‌లోకి, అంటే పాత పుస్తకాలను వాడుకరులే కలిసి పాఠంగా మార్చే వెబ్‌సైటులోకి మార్చాను. అక్కడ స్కాన్ చేసిన పాత పుస్తకపు పేజీ, దాని పాఠం పక్కపక్కన కనిపిస్తాయి, తప్పులు సరిదిద్ది, పసుపు గుర్తును ఎంచుకుని భద్రపరిస్తే పేజీ పసుపు రంగులోకి మారుతుంది. దానిని ఆమోదించి ఆకుపచ్చగా మార్చడానికి సరిదిద్దిన వ్యక్తికి వీలుండదు, వేరొక వాడుకరి చదవాలి. నేను పసుపు చేసినవి ఎవరో చదువుతారు, ఎవరో పసుపు చేసినవి నా కోసం ఉంటాయి. ముఖం తెలియకపోయినా ఇదీ ఎదురుచూడడమే కనుక నాలుగవ గడిలో సాటి వాడుకరులు అని రాశాను. మా వీధిలో పదవ తరగతి చదివే ముగ్గురు పిల్లలకు వారానికి మూడు రోజులు గణితం, నవంబరులో ఫోన్ వాడడం రాని పింఛనుదారులకు లైఫ్ సర్టిఫికెట్ పంపించడంలో సాయం, ఇవి కూడా చేరాయి. కూరగాయలకు మాత్రం ఎవరినీ చూపలేకపోయాను, బెండ మొక్కలు ఎదురుచూస్తాయని రాసుకుని ఊరుకున్నాను.

అన్నీ కలిపి 31 గంటలు అయ్యాయి, వాటిని 168 గడుల పట్టికలో పని అని నింపాను. కౌంట్‌ఇఫ్ ఇంకా 19 ఖాళీ గడులను చూపుతోంది, వాటిని అలాగే ఉంచండి. మధ్యాహ్నపు కునుకుకూ అనుకోని ప్రయాణాలకూ ఆ మాత్రం చోటు అవసరం.

ఆఖరి పని. ఈ పట్టికను ఖరారు చేసే ముందు ఇంట్లో చూపించండి. నేను గణితం పాఠాలను ఉదయం పదకొండు గంటలకు మా హాలులో పెట్టాను. నా భార్య చూసి, "ముప్ఫై ఏళ్లుగా పదకొండు నుంచి ఒంటిగంట వరకు ఈ ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నానండీ, ఆ రెండు గంటలు నాకు కావాలి" అన్నారు. ఆమెకు కూడా ఒక పట్టిక ఉంటుందనీ, ఎక్కడా రాయకుండానే అది ఇన్నేళ్లు నడిచిందనీ నాకు అప్పటివరకు తోచలేదు. ఆ గడులకు ఇప్పుడు గులాబీ రంగు వేశాము, ఆ సమయంలో నేను శాఖా గ్రంథాలయంలో కూర్చుని వికీసోర్స్ పేజీలు చూసుకుంటాను. పాఠాలను సాయంత్రానికి జరిపాము.

పైన కుడివైపు షేర్ బటన్ నొక్కి, ఇంట్లోవారి ఈమెయిల్ ఇచ్చి, పక్కనున్న జాబితాలో ఎడిటర్ అని ఎంచుకోండి. వ్యూయర్ అని ఎంచుకుంటే వారు చూడగలరు గానీ మార్చలేరు. నేను మొదటిసారి వ్యూయర్ అనే పంపించాను, ఆ సంగతి కనిపెట్టడానికి ఆమెకు అర నిమిషం కూడా పట్టలేదు.